నాలుగు కాగితాల కవరు

ఆగండి, పేజీ తిప్పకండి. ముందు గడియారం చూసుకుని, తరవాత ఊపిరి బిగబట్టి వినండి. జనవరి నెల, శుక్రవారం, మధ్యాహ్నం ఒంటిగంటా అయిదు. నాలుగున్నరకి అయోవా రాష్ట్ర బీమా శాఖలో ఒక ఫైలు మూతపడుతుంది. దాంతోపాటే మార్లిస్ వాండర్‌ప్లోగ్ అనే యాభై ఎనిమిదేళ్ళ స్కూలు బస్సు డ్రైవరు బతికే దారీ మూతపడుతుంది.

మార్లిస్‌కి రక్త కేన్సరు. ఆమె రక్తంలోంచే కణాలు తీసి, వాటికి కేన్సరుతో పోరాడే శక్తి ఇచ్చి, మళ్ళీ ఎక్కించే వైద్యం ఒకటుంది. కణాలు తియ్యడానికి యూనివర్సిటీ ఆసుపత్రి ఇచ్చిన టైము వచ్చే బుధవారం ఉదయం ఎనిమిది. అది తప్పితే ఇంకో ఏడు వారాలు ఆగాలి. ఏడు వారాలు ఆమె దగ్గర లేవని డాక్టరు మొహం మీదే చెప్పాడు. ఆమె బీమా కంపెనీ సైలోగేట్ హెల్త్ మాత్రం, ఆ వైద్యం ఇంకా ప్రయోగ దశలోనే ఉంది, డబ్బు ఇవ్వం అని సెప్టెంబర్లోనే ఉత్తరం రాసేసింది.

అయితే కంపెనీ కాదంటే అక్కడితో అయిపోదు. కంపెనీతో ఏ సంబంధం లేని డాక్టర్ల చేత ఆ నిర్ణయాన్ని మళ్ళీ చూపించుకోవచ్చు. వాళ్ళు ఇవ్వమంటే కంపెనీ నోరెత్తకుండా ఇవ్వాలి. దీన్నే బయటి సమీక్ష అంటారు. అడగడానికి నాలుగు నెలల గడువుంటుంది. ఈ హక్కు నీకుందమ్మా అని చెప్పే పసుపుపచ్చ కాగితం, దాంతోపాటు అర్జీ ఫారం, కాదన్న ఉత్తరంలోనే పెట్టి పంపాలి. అది చట్టం.

మార్లిస్ ఆ కాగితం రాలేదంటోంది. కంపెనీ పంపామంటోంది. గడువు వారం క్రితమే దాటింది. కాగితం పంపలేదని రుజువైతే గడువు అసలు మొదలే కానట్టు. రుజువు కాకపోతే ఇంతే సంగతులు.

ఆ రుజువు కోసం సైలోగేట్ వాళ్ళ టపా గదిలోకి అడుగుపెట్టింది వెర్నా ఓస్టర్‌బెర్గ్. బీమా శాఖలో ఇన్వెస్టిగేటరు, ఇరవై రెండేళ్ళ సర్వీసు. నిజం చెప్పాలంటే ఆ నిమిషాన ఆమె బుర్రలో సగం మార్లిస్ ఉంది, మిగతా సగం కోల్బీ హాన్సెల్ ఉన్నాడు.

కోల్బీ ఆమె చేతి కింద పని నేర్చుకున్న కుర్రాడు. సాక్షిని ముందు టైము అడగాలి, తరవాతే కారణం అడగాలి అని నేర్పింది ఆమే. ఇప్పుడు అతనే ఆమెకి చీఫ్. నది కనిపించే కిటికీ ఉన్న గదిలో కూర్చుంటాడు. ఆ గదికి అర్జీ పెట్టుకున్నవాళ్ళు ఇద్దరే. పొద్దున్న బయల్దేరేటప్పుడు అతను తలుపు దగ్గర నిలబడి, "నాలుగున్నరకి సంతకం పెట్టేస్తాను మేడమ్. అన్ని ఫైళ్ళనీ మీరు పెంచి పెద్ద చేస్తానంటే ఎలా?" అన్నాడు. పక్క బల్లల వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నలభై మైళ్ళు ఆమె కారులోనే కూర్చుని వచ్చింది.

టపా గది చూసుకునేది ఆర్లో. అరవై దాటిన మనిషి, మాట తక్కువ, ఒళ్ళంతా మర్యాద. కవర్లు మడిచి పెట్టే మిషన్‌కి మూడు అరలున్నాయి. ఒకదాంట్లో ఉత్తరం, ఒకదాంట్లో పసుపు కాగితం, మూడోదాంట్లో అర్జీ ఫారం. మిషన్ మూడింటినీ కలిపి కవర్లో దోపి అంటిస్తుంది. కాగితం తప్పిపోయే సందే లేదు. ఆర్లో గర్వంగా రిజిస్టరు తీసి చూపించాడు. సెప్టెంబరు తొమ్మిది, పద్నాలుగు ఉత్తరాలు, ప్రతి పేరుకీ ఎదురుగా 'హక్కుల కాగితం ఉంది' అన్న గడిలో టిక్కు. మార్లిస్ పేరుకి కూడా. కంపెనీ బల్లగుద్ది చూపిస్తున్న సాక్ష్యం ఇదే.

వెర్నా టిక్కులు చదవలేదు, టిక్కుల వాలు చూసింది. పద్నాలుగూ ఒకే ఇంకు, ఒకే ఊపు. పైనుంచి కిందకి చెయ్యెత్తకుండా జారిపోయినట్టున్నాయి. ఇవి ఎన్నింటికి పెడతారని అడిగింది. సాయంత్రం నాలుగింటికి, అన్నీ ఒకేసారి పెడతానన్నాడు ఆర్లో. ప్రతి కవరూ మిషన్‌లోంచే వెళ్తుందా అంది. అక్కడ ముసలాయన ఒక్క క్షణం తడబడ్డాడు.

ట్రూడీ గారివి వెళ్ళవట. అప్పీళ్ళు చూసే సీనియర్ నర్సు ఆవిడ, మార్లిస్ ఉత్తరం కింద ఉన్నదీ ఆ పేరే. రోగుల సొంత సంగతులు కదా అని తన ఉత్తరాలు తనే మడిచి, తనే అంటించి, పన్నెండుంపావుకి తెచ్చి బుట్టలో వేసి వెళ్తుంది. పన్నెండు నుంచి పన్నెండున్నర దాకా ఆర్లో భోజనం చేస్తాడు. ముప్పై ఏళ్ళుగా అదే టైము, ఆఫీసులో అందరికీ తెలుసు.

"మరి లోపల కాగితం ఉందో లేదో చూడకుండా టిక్కెలా పెట్టారు?"

ఆర్లో ఆమెను దొంగతనం చెయ్యమన్న మనిషిని చూసినట్టు చూశాడు. "అంటించిన కవరు మేడమ్. ఒకసారి అంటించాక అది ఎవరి పేరు రాసుంటే వాళ్ళ సొత్తు. నా జన్మలో ఒక్కటి కూడా విప్పలేదు."

ఆ మంచితనమే కొంప ముంచింది. వెర్నాకి కోపం కూడా రాలేదు.

ఒంటిగంటా నలభై. చేతిలో ఏమీ లేదు. ట్రూడీ తన కవర్లలో కాగితం పెట్టి ఉండొచ్చు, పెట్టకపోయి ఉండొచ్చు. నాలుగు నెలల కిందటి కవరు ఎవరు దాచుకుంటారు? పొద్దున్న మార్లిస్‌ని అడిగితే ఎప్పుడో పారేశానంది. ఉత్తరం మాత్రం ఇచ్చింది, నాలుగు పేజీలు. ఇలాంటి గోడ ఎదురైతే కోల్బీ ఏం చేస్తాడో వెర్నాకి తెలుసు. నవ్వి, చెయ్యి కలిపి, ఫైలు మూసి, వారం చివర్లో మెప్పు కొట్టేస్తాడు. ఆ ఊహకే ఆమె కడుపు భగ్గుమంది. ఆ మంటలోనే ఇంకో ప్రశ్న పుట్టింది. కవర్ల బరువు చూస్తారా?

చూడకపోతే ఎలా, తపాలా చార్జీ ముద్ర వేసే ఫ్రాంకింగ్ మిషన్ బరువు చూశాకే ముద్ర గుద్దుతుంది అన్నాడు ఆర్లో. కవరూ నాలుగు కాగితాలూ కలిపితే ఔన్సు లోపు. అయిదో కాగితం పడిందా, ఔన్సు దాటుతుంది, ముద్ర మారుతుంది. చేత్తో పట్టుకుంటేనే తనకి తెలిసిపోతుందట.

చూపించమంది వెర్నా. మార్లిస్ ఉత్తరం తీసింది, నాలుగు పేజీలు. ఒక కవరు కావాలి. సంచిలో చెయ్యి పెడితే పాత కవరు ఒకటి తగిలింది. పొద్దున్న వచ్చేసేటప్పుడు మార్లిస్ చేతిలో పెట్టింది. వాళ్ళమ్మ కాలం నాటి గుమ్మడి విత్తనాలట. ఇంటికొచ్చిన మనిషిని ఒట్టి చేతులతో పంపడం ఆ ఇంట్లో లేదు. వెర్నా గింజల్ని ఆర్లో కాఫీ సాసర్లోకి ఒంపేసి, ఖాళీ కవరు అతని చేతికిచ్చింది.

ఆర్లో దాన్ని బల్ల మీద పెట్టలేదు. దీపం కిందికి పట్టుకుని చూశాడు.

"ఇది నేను గుద్దిన ముద్రే మేడమ్."

మూల మీద సైలోగేట్ గుర్తు. మధ్యలో మార్లిస్ పేరు, దాని మీద పెన్సిలుతో 'అమ్మ గుమ్మడి' అని అడ్డంగా రాసుంది. పారేశానన్న కవరు ఆమె పారెయ్యలేదు. గింజలు పోసి సొరుగులో పెట్టి మర్చిపోయింది. ముద్రలో తేదీ సెప్టెంబరు తొమ్మిది. విభాగం, అప్పీళ్ళు. బరువు, ఔన్సు లోపు.

ఆర్లో నాలుగు పేజీలు కవర్లో పెట్టి తూచాడు, ఔన్సు లోపే. పసుపు కాగితం చేర్చాడు, ఔన్సు దాటింది. అర్జీ ఫారం కూడా పెట్టాడు, ఇంకా పైకి పోయింది. మళ్ళీ అన్నీ తీసి మొదటి నుంచి తూచాడు, తన మిషన్ మీద తనకే నమ్మకం లేనట్టు. తరవాత రిజిస్టరు మూసి దాని మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు.

రెండుంపావుకి వెర్నా మూడో అంతస్తులో ట్రూడీ కెస్లర్ ఎదురుగా కూర్చుంది. గది ఎలా ఉందో ఆమె పట్టించుకోలేదు, రెండే చూసింది. ఒకటి గోడ మీది బోర్డు. ఒక్కో నర్సు పేరు, పక్కన గత ఆరు నెలల్లో వాళ్ళ నిర్ణయాల్లో బయటి డాక్టర్లు తిరగ్గొట్టినవెన్ని అనే అంకె. జనెల్, మూడు. ట్రూడీ, సున్నా. రెండోది ట్రూడీ బూట్లు. బయట సున్నాకి పది డిగ్రీల కింద ఉంది చలి, ఆ అంతస్తులో అందరి బూట్ల కిందా మంచు కరిగి మడుగులు కట్టాయి. ట్రూడీ బూట్లు మాత్రం అప్పుడే డబ్బాలోంచి తీసినంత పొడిగా ఉన్నాయి.

వెర్నా కాగితం ఊసెత్తలేదు. కారు ఎక్కడ పెడతారని అడిగింది.

కింద, వెచ్చటి గరాజులో అంది ట్రూడీ. ఒక్క కారుకే చోటు. బోర్డు మీద అంకె ఎవరికి తక్కువుంటే వాళ్ళకి మూడు నెలలు ఇస్తారు.

"ఈ మూడు నెలలూ మీదే కదా. అంతకు ముందు?"

"నాదే."

"దానికి ముందు?"

"జనెల్‌ది." అక్కడితో ఆగలేదు. "ఆరేళ్ళ మూడు నెలలు."

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, అడగని లెక్క ఆవిడే చెప్పేసింది. పైగా వేళ్ళ మీద లెక్క కట్టకుండా చెప్పింది. ఆ లెక్క ఎలాంటిదో వెర్నా పోల్చుకుంది, ఎందుకంటే కోల్బీ ఆ గదిలోకి వెళ్ళి ఇవాళ్టికి నాలుగు వందల పన్నెండు రోజులని తనకీ వేళ్ళు మడవకుండానే తెలుసు. ఎదురుగా కూర్చున్న మనిషి మొహం తెలియకపోవచ్చు గానీ, ఆ మంట ఏ కట్టెదో తెలియకపోవడమేం?

అందుకే ఆమె మామూలుగా చెయ్యని పని చేసింది. తన సంగతి చెప్పుకుంది. తను నేర్పిన కుర్రాడే తన మీద చీఫ్ అయ్యాడని, తనకి రావలసిన గదిలో కూర్చున్నాడని చెప్పింది. ట్రూడీ ముందుకి వంగింది.

"ఆ గదికి కిటికీ ఉందా?"

"ఉంది. నది కనిపిస్తుంది."

ట్రూడీ బోర్డు వైపు తిరిగింది. ఇక మాటలు వాటంతటవే వచ్చేశాయి. ఆరు చలికాలాలు పొద్దున్నా సాయంత్రం కారు అద్దం మీద మంచు తను గీరుకుందట. పక్కనుంచి జనెల్ పల్చటి కోటు వేసుకుని గరాజులోకి జారిపోయేదట. తను రాసిన వాటి మీద జనం బయటి సమీక్షకి వెళ్ళేవారు, కొన్ని తిరగబడేవి. జనెల్‌వి అసలు ఎవరూ బయటికి తీసుకెళ్ళేవారు కాదు. నైపుణ్యం కాదు, ఉత్త అదృష్టం. పోయిన జూన్ నుంచి ట్రూడీ పసుపు కాగితాలు పెట్టడం మానేసి, తన అదృష్టం తనే చూసుకోవడం మొదలుపెట్టింది.

"నా నిర్ణయాలు తప్పని ఎవరూ అనలేదు" అంది.

"అనడానికి దారుందని మీరు చెప్పలేదుగా."

ట్రూడీ బల్ల మీది మిఠాయి ముక్కల డబ్బా దగ్గరికి లాక్కుంది. వేరుశెనగ ముద్దతో ఇంట్లో చేసుకొచ్చినవి. ఒకటి విరిచి, తినకుండా పక్కన పెట్టింది. తరవాత, ఎందుకో కాస్త జాలిగా, వెర్నా ఊహించని మాట ఒకటి అంది.

"మీ ఆఫీసు నుంచి అక్టోబర్లో ఒకతను వచ్చాడు. ఇదే కుర్చీలో కూర్చున్నాడు. ముందు టైములు అడిగాడు, తరవాతే కారణం అడిగాడు, అచ్చం మీలాగే. బోర్డు చూశాడు, నా బూట్లు చూశాడు, నవ్వాడు. ఏమీ రాసుకోకుండా వెళ్ళిపోయాడు."

మూడింటికి వెర్నా కారులో ఉంది. మూడూ నలభైకి శాఖ ఆఫీసులో పాత ఫిర్యాదుల బీరువా ముందు నిలబడింది. సైలోగేట్ మీద జూన్ తరవాత వచ్చినవి పదకొండు. పదకొండు మందీ, మాటలు వేరు గానీ, రాసిందొక్కటే. ఇలాంటి హక్కుందని మాకెవరూ చెప్పలేదు. కాదన్న పదకొండు ఉత్తరాల కిందా ట్రూడీ కెస్లర్ పేరే. పదకొండు ఫైళ్ళూ అక్టోబర్ ఇరవై నాలుగున, ఒకే రోజు, 'రుజువు లేదు' అని మూసేశారు. సంతకం కోల్బీ హాన్సెల్. ఫైళ్ళు చకచకా తెముల్చుతాడని పైవాళ్ళు అతన్ని మెచ్చుకున్నది ఆ నెలాఖరునే. వెర్నా కూడా చప్పట్లు కొట్టాల్సి వచ్చింది.

ఆమె తలుపు తట్టకుండా లోపలికి వెళ్ళింది. కోల్బీ పెన్ను మూత తీసి సిద్ధంగా ఉన్నాడు.

"నాలుగు కాకుండానే వచ్చేశారే మేడమ్. కాఫీ తెప్పించనా?"

"ముందు టైము చెప్పు. అక్టోబర్లో సైలోగేట్‌కి ఎన్నింటికి వెళ్ళావు?"

అతని నవ్వు చెదరలేదు, కానీ పెన్ను కింద పెట్టాడు. వెర్నా కవరు బల్ల మీద పెట్టి, ముద్ర మీద వేలు ఆనించి, ఔన్సు సంగతి, ఆర్లో సంగతి, ట్రూడీ ఒప్పుకోలు వరసగా చెప్పింది. పదకొండు ఫైళ్ళ పేరెత్తేసరికి అతను లేచి తలుపు వేశాడు. చేతిలో ఇలాంటి కవరు ఒక్కటీ లేకుండా ఏం చెయ్యమంటారని అడిగాడు. అనుమానం రావడం వేరు, రుజువు దొరకడం వేరు, అది తమరు నేర్పిన పాఠమే అన్నాడు.

"అనుమానం వస్తే తవ్వాలని కూడా నేర్పాను."

"నేర్పారు. అందుకే ఇరవై రెండేళ్ళు తవ్వుతూనే ఉన్నారు."

ఆ దెబ్బ ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వెంటనే అతను సొరుగులోంచి ఒక ఫారం తీసి ముందుకి నెట్టాడు. గడువు దాటిన సమీక్షని మళ్ళీ తెరిచే ఫారం అది. ఇన్వెస్టిగేటరు ప్రమాణం చేసి రాయాలి, చీఫ్ సంతకం పెట్టాలి. రెండే గడులున్నాయి, ఏదో ఒకటే నింపాలి.

కోల్బీ తొందర లేకుండా, దాదాపు ప్రేమగా చెప్పాడు. మొదటి గడి, 'ఈ ఒక్క ఉత్తరంలో జరిగిన పొరపాటు'. అందులో సంతకం పెడితే తనూ ఇప్పుడే పెడతాడు. అత్యవసర సమీక్ష నాలుగున్నరకి మొదలవుతుంది. డెబ్బై రెండు గంటలు, అంటే సోమవారం సాయంత్రానికి తేలిపోతుంది. బుధవారం ఎనిమిదింటికి మార్లిస్ ఆసుపత్రిలో ఉండొచ్చు. రెండో గడి, 'కావాలని పలుమార్లు దాచిపెట్టడం'. అది నింపితే చీఫ్ సంతకం చాలదు, విచారణ జరగాలి, కంపెనీకి పది రోజులు ఇవ్వాలి. కమిషనర్ చికాగోలో ఉన్నారు, దాన్ని తగ్గించే అధికారం ఇంకెవరికీ లేదు.

మొదటి గడి నింపి, తరవాత మిగతా పదకొండు మంది కోసం పోరాడొచ్చుగా? ఆ ఆలోచన రాగానే ఆమెకే జవాబూ తట్టింది. ఒక్క ఉత్తరంలోనే పొరపాటు అని ప్రమాణం చేసి రాసిన మనిషి మళ్ళీ కోర్టుకెళ్ళి, కాదు పన్నెండు అంటే, సైలోగేట్ లాయర్లు ఆమె కాగితమే ఆమె మొహాన కొడతారు. ఆ పదకొండు మందిలో ఇద్దరి ఇళ్ళకి ఇందాక బీరువా దగ్గర నిలబడే ఫోన్ చేసింది. ఒక చోట ఎవరూ ఎత్తలేదు. ఇంకో చోట ఒక పెద్దాయన ఎత్తి, మా ఆవిడ డిసెంబర్లో పోయింది, ఇప్పుడెందుకండీ అన్నాడు. మిగతా తొమ్మిది మంది ఎలా ఉన్నారో తెలియదు.

"రెండో గడి నింపితే నా ఉద్యోగం పోతుంది, ఈ గది మీకొస్తుంది" అన్నాడు కోల్బీ. "మీకు తెలుసు, నాకూ తెలుసు. కాబట్టి దాచుకోకుండా మాట్లాడుకుందాం. ఆ పదకొండు మంది కోసం రాస్తున్నానని మీరు ప్రమాణం చెయ్యగలరా? నన్ను చూసి చెప్పండి."

వెర్నా అతన్ని చూసింది. చెప్పగలననే అనుకుంది. నాలుగు వందల పన్నెండు రోజుల లెక్క ముందుకొచ్చి నిలబడింది. న్యాయం ఏదో, కడుపుమంట ఏదో విడదీద్దామని చూస్తే రెండూ ఒకే గొంతుతో పలుకుతున్నాయి. రెండూ రెండో గడి వైపే చూపిస్తున్నాయి. ఒక్క మార్లిస్ మాత్రం మొదటి గడిలో నిలబడి ఉంది.

నాలుగూ పద్దెనిమిది. సంచిలో ఫోన్ మోగింది. మార్లిస్. వెర్నా ఎత్తింది, ఎత్తకుండా ఉండలేకపోయింది. అటునుంచి గొంతు చాలా మామూలుగా ఉంది, బస్సు పది నిమిషాలు ఆలస్యమని పిల్లల తల్లులకి చెప్పే గొంతు.

"విసిగిస్తున్నానేమో, ఏమనుకోకండి. మా అక్క డుబ్యూక్ నుంచి రావాలి, రేపట్నుంచి మంచు తుఫానంటున్నారు. బుధవారం నాతో ఉండటానికి ఇప్పుడే బయల్దేరితేనే అందుకుంటుంది. ఒక్క మాట చెప్పండి చాలు, దాన్ని రమ్మననా, వద్దననా?"

కోల్బీ పెన్ను మూత తీసి ఆమె వైపు చాపాడు. వెర్నా ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని, రెండో చేత్తో పెన్ను అందుకుంది.

గడియారం నాలుగూ పంతొమ్మిది చూపిస్తోంది. ఆ పెన్ను మీ చేతిలో ఉంటే, అవతల మార్లిస్ ఊపిరి వినిపిస్తూ ఉంటే, మీరు ఏ గడిలో సంతకం పెడతారు?